కాయిల్ మీద నేరం మోపే ముందు

అల్లుడూ,

బావగారి అంబాసిడర్ దారిలో ఆగిపోతోందని, షెడ్డులో కాయిల్ మార్చినా మళ్లీ అదే తంతు అని ఫోనులో చెప్పావు. ఇప్పుడు ఇంకో మెకానిక్ కార్బొరేటర్ విప్పాలి, డిస్ట్రిబ్యూటర్ మొత్తం మార్చాలి అంటున్నాడట. ఆగు. డబ్బు పెట్టే ముందు మామ మాట విను. పాత పెట్రోలు బండికి కాయిల్ మార్చడం పావుగంట పని. అది నిజంగా చెడిందో లేదో తేల్చుకోవడం, చెడితే దేనివల్ల చెడిందో కనుక్కోవడం, అసలు పని అదీ. ఆ పని చెయ్యకుండా కొత్త కాయిల్ బిగిస్తే అదీ పాతదాని దారే పడుతుంది. నీ బండికి జరిగింది ఇదేనని నా అనుమానం.

నువ్వు చెప్పిన లక్షణాలు నాకు బాగా తెలిసినవే. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. ఊరు దాటి కొంతదూరం నడిచాక, అందులోనూ ఎండవేళ, మిస్సింగ్ మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే జర్కులు, సైలెన్సర్‌లో టపటపలు, ఆ తర్వాత ఒక్కసారిగా ఆగిపోవడం. చెట్టుకింద అరగంట ఆపితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. శ్రీశైలం వెళ్తూ దోర్నాల దాటి ఘాటెక్కేటప్పుడు మరీ మొరాయించిందన్నావు. వేడెక్కితే పడిపోయి చల్లబడితే లేచే కాయిల్ సరిగ్గా ఇలాగే చేస్తుంది. కండెన్సర్ చెడినా ఇలాగే చేస్తుంది. మే నెలలో పెట్రోలు పైపులో ఆవిరి పట్టినా ఇలాగే చేస్తుంది. అందుకే లక్షణం చూసి సామాను కొనవద్దంటాను.

కాయిల్ చేసే పనేమిటో ముందు మనసుకి పట్టించుకో. అప్పుడు పరీక్షలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ఆ నల్లటి డబ్బాలో ఒక ఇనుప రేకుల కట్ట, దానిచుట్టూ రెండు తీగ చుట్లు ఉంటాయి. ఒకటి లావు తీగతో కొన్ని వందల చుట్లు, దాన్ని ప్రైమరీ అంటాం. రెండోది వెంట్రుకంత సన్నని తీగతో వేల చుట్లు, అది సెకండరీ. చుట్లు ఒకదానికొకటి తగలకుండా, వేడి బయటికి పోయేలా లోపల నూనె నింపుతారు. తాళం తిప్పి ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ కరెంటు ప్రైమరీలోకి వెళ్లి డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల ద్వారా ఎర్త్ అవుతుంది. పాయింట్లు విడిపోగానే ఆ కరెంటు టక్కున ఆగుతుంది. నిండుగా పారుతున్న కుళాయిని ఒక్కసారి కట్టేస్తే గొట్టంలో ఢామ్మని దెబ్బ తగులుతుంది చూడు, ఆ దెబ్బ లాంటిదే ఇక్కడా పుడుతుంది. ప్రైమరీలో రెండుమూడు వందల వోల్టులు లేస్తాయి, సెకండరీలో పదిహేను ఇరవై వేల వోల్టులు. అదే మధ్య వైరు గుండా రోటర్‌కీ, క్యాపుకీ, ప్లగ్గుకీ చేరి నిప్పురవ్వ అవుతుంది. 1910 ప్రాంతంలో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ కాడిలాక్ కార్లకోసం ఈ పద్ధతిని రూపొందించాడు. బావగారి బండిలో ఉన్న పాత 1489 సీసీ ఇంజను దాకా మూలం మారకుండా అదే వచ్చింది.

ఒక్క లెక్క చెబుతాను, కాయిల్ మీద జాలి కలుగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతుంటే కాయిల్ సెకనుకి వంద రవ్వలు ఇవ్వాలి. ప్రతి రవ్వకీ కరెంటు నింపుకోవడానికి దానికి సెకనులో వందో వంతు కూడా పూర్తిగా దొరకదు. ఇంజను పక్కనే, మన కోస్తా ఎండల్లో, ఇన్నేళ్లు ఆ పని చేసిందంటే మామూలు వస్తువు కాదు. దాన్ని ఊరికే నిందించకూడదు.

ఘాటులో ఎందుకు మొరాయిస్తుందో కూడా ఇందులోనే ఉంది. ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ నిండా తొక్కుతావు, సిలిండర్లోకి గాలీ పెట్రోలూ ఎక్కువ వెళ్తాయి, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్గు మొనల మధ్య రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. ఖాళీగా నిలబెట్టి రేస్ చేస్తే బాగానే పలికే నీరసపు కాయిల్ ఎత్తు దగ్గరికి వచ్చేసరికి బయటపడుతుంది. షెడ్డులో బోనెట్ ఎత్తి రెండు నిమిషాలు ఇంజను విని "అంతా బాగానే ఉంది సార్" అంటే నమ్మవద్దనేది ఇందుకే.

ఇక బండి ఆగినప్పుడు ఏం చెయ్యాలో చెబుతాను. ఈ జబ్బును పట్టుకోవడానికి ఆగిన ఆ అరగంటే నీకున్న సమయం. చల్లబడ్డాక ఎంత వెతికినా దొరకదు. కాబట్టి విసుక్కుని రోడ్డుపక్కన కూర్చోకుండా వెంటనే బోనెట్ ఎత్తు. బండిని న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ వేసి, సెల్ఫ్ కొట్టడానికి ఇంకొకర్ని కూర్చోబెట్టు. డిస్ట్రిబ్యూటర్ క్యాపు మధ్యలోకి వెళ్లే లావు వైరు, కాయిల్ నుంచి వచ్చేది, క్యాపు దగ్గర ఊడదీసి పిడికి బాగా రబ్బరు తొడుగున్న ప్లయర్‌తో పట్టుకో. దాని కొసను ఇంజను ఇనుముకి అర సెంటీమీటరు దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టించు. తెల్లగా నీలంగా, చిటచిటమని చప్పుడుతో రవ్వ దూకితే కాయిల్ పని చేస్తున్నట్టే. అప్పుడు రోటర్, క్యాపు, ప్లగ్గు వైర్లు, లేదంటే పెట్రోలు చూసుకోవాలి. పసుపుగా, ఎర్రగా, సన్నగా వస్తే నీరసం. అసలు రాకపోతే తర్వాతి పరీక్షకి వెళ్లు.

ఇక్కడ కొంచెం గట్టిగా చెప్పాలి. ఆ వైరును గాలిలో వదిలేసి సెల్ఫ్ కొట్టించకు. దూకే దారి లేకపోతే ఆ వేల వోల్టులు కాయిల్ లోపలే తొడుగును చీల్చుకుని దారి చేసుకుంటాయి, బాగున్న కాయిల్ కూడా చెడుతుంది. కార్బొరేటర్ దగ్గర, పెట్రోలు కారుతున్న చోట రవ్వ ఆడించకు. చేత్తో వైరు పట్టుకుని చూసే మొనగాళ్లు కొందరుంటారు, వాళ్ల మాట వినకు. గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లను ఆ సమయంలో బోనెట్ దగ్గరికి రానివ్వకు.

రెండో పరీక్షకి కావలసింది ఒక టెస్ట్ ల్యాంపు. పన్నెండు వోల్టుల చిన్న బల్బుకి రెండు వైర్లు, అంతే. ఒక కొసను ఎర్త్‌కి తగిలించి, తాళం ఆన్ చేసి, రెండో కొస కాయిల్ ప్లస్ మీద పెట్టు. వెలగాలి. వెలగకపోతే కాయిల్ దాకా కరెంటే రావడం లేదు. స్విచ్చి, వైరు, ఫ్యూజు, ఎక్కడో లూజు కనెక్షను. కాయిల్‌కి ఏ పాపం తెలియదు. ప్లస్ మీద వెలిగితే ఇప్పుడు మైనస్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించు. పాయింట్లు కలిసినప్పుడు ఆరిపోతూ, విడినప్పుడు వెలుగుతూ బల్బు మినుకు మినుకుమనాలి. ఎంతకీ ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవడం లేదు, లేదా వాటి మీద మసీ నూనే పట్టింది. అసలు వెలగకపోతే మైనస్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే వైరు ఊడదీసి మళ్లీ చూడు. ఇప్పుడు వెలిగిందంటే ఆ వైరో, కండెన్సరో, పాయింట్లో ఎక్కడో ఎర్త్‌కి తగులుతున్నాయి. అప్పటికీ వెలగలేదంటే ప్రైమరీ తీగ లోపల తెగింది, కాయిల్ పోయినట్టే. ఈ చిన్న బల్బు చెప్పే నిజం చాలా షెడ్లలో డబ్బిచ్చినా దొరకదు.

బల్బు సరిగ్గా మినుకుమంటోంది, కానీ మధ్య వైరుకి రవ్వ లేదనుకో. అప్పుడు ముగ్గురి మీద అనుమానం: కండెన్సర్, కాయిల్, ఆ మధ్య వైరు. ముందు కండెన్సర్ మార్చి చూడు. కాయిల్‌తో పోలిస్తే అది చాలా చవక, చెడటంలో మాత్రం కాయిల్ కంటే ముందుంటుంది. కండెన్సర్ సరిగ్గా లేకపోతే పాయింట్లు విడిపోయేటప్పుడు కరెంటు టక్కున ఆగక వాటి మధ్యే రవ్వగా కాలిపోతుంది, సెకండరీలో వోల్టేజి లేవదు. పాయింట్లు చూస్తే నీకే తెలుస్తుంది: ఒకవైపు గుంట, రెండోవైపు దిబ్బ కట్టి, నల్లగా మాడి ఉంటాయి. నీ బండికి కాయిల్ మార్చినా తేడా లేదంటే నా మొదటి అనుమానం కండెన్సర్ మీదే. ఒక జాగ్రత్త: ఇప్పుడు కొత్తగా దొరికే కండెన్సర్లలో ఎందుకూ పనికిరానివి కూడా ఉంటాయి. పాతది బాగా నడుస్తూ ఉంటే ఊరికే తీసి పారేయకు.

చివరికి కాయిల్ మీదకే వచ్చిందనుకుందాం. మల్టీమీటరు ఒకటి కొనుక్కో, ఖరీదైనది అక్కర్లేదు. ముందు మీటరు రెండు మొనలూ ఒకదానికొకటి తాకించి చూడు. చూపించిన అంకెను తర్వాతి రీడింగులోంచి తీసెయ్యి. మూడు ఓములు కొలిచేచోట అర ఓము కూడా లెక్కే. కాయిల్ వైర్లన్నీ ఊడదీసి ప్లస్ నుంచి మైనస్‌కి చూస్తే, బయట బల్లాస్ట్ రెసిస్టర్ అక్కర్లేని పన్నెండు వోల్టుల మామూలు కాయిల్‌కి మూడు ఓముల దగ్గర్లో రావాలి. మధ్య గుంట నుంచి ప్లస్‌కి చూస్తే ఆరు నుంచి పన్నెండు వేల ఓముల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు, తయారీనిబట్టి మారుతుంది. అయితే ఈ కొలత చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా వచ్చినంత మాత్రాన కాయిల్ నిర్దోషి అనుకోకు. మీటరు పంపేది చిన్న బ్యాటరీ వోల్టేజి, కాయిల్ మోసేది వేల వోల్టులు. తొడుగులో ఉన్న చిల్లు మీటరుకి కనబడదు. అందుకే బండి ఆగిన క్షణంలో, వేడిగా ఉండగానే కొలవమంటాను. వేడికి రాగి తీగ ఓములు కొంచెం పెరగడం సహజం, మూడు ఉన్నది మూడున్నర అయితే కంగారుపడకు. అంకె అటూ ఇటూ గెంతుతున్నా, అసలే పలక్కపోయినా అప్పుడు దోషం ఖాయం.

పాతకాలం డ్రైవర్లు తడిగుడ్డ వేసి చూసేవాళ్లు, అదీ పనికొచ్చేదే. తాళం తీసేసి, నీళ్లు పిండేసిన గుడ్డను కాయిల్ చుట్టూ చుట్టి పది నిమిషాలు ఆగు. పైన మధ్య వైరు దిగే టవర్‌కీ, డిస్ట్రిబ్యూటర్‌కీ తడి తగలకూడదు. అప్పుడు గుడ్డ తీసేసి సెల్ఫ్ కొడితే బండి అందుకుందనుకో, కాయిల్ మీద అనుమానం బలపడుతుంది. అందుకోకపోతే, ఇంకోసారి ఆగినప్పుడు పెట్రోలు పంపు మీద వేసి చూడు. అయితే ఆవిరి పట్టిన బండిలో రవ్వ నిక్షేపంగా ఉంటుంది, పెట్రోలే రాదు. రవ్వ పరీక్ష ముందు చేశావంటే ఈ గందరగోళమే ఉండదు.

సరే, చెడిందని తేలింది. బజారుకి పరుగెత్తకు. ఎందుకు చెడిందో ఒక్క గంట ఆలోచించు. నా అనుభవంలో కాయిల్‌ను తినేసేవి ఇవే. మొదటిది, ఇంజను ఆపి తాళం మాత్రం ఆన్‌లో ఉంచి పాటలు వినడం. పాయింట్లు కలిసిన చోట ఇంజను ఆగి ఉంటే కరెంటు నాలుగు ఆంపియర్లు అలా ఆగకుండా పారుతూనే ఉంటుంది, లోపల నూనె కాగుతుంది, తీగ తొడుగు మెత్తబడుతుంది. పిల్లలు కారులో కూర్చుని పాటలు పెట్టుకుంటారని చెప్పావు, ముందు అది మానిపించు. రేడియోకి వేరే కనెక్షను వేయించు. రెండోది ప్లగ్గులు. అరిగి అరిగి గ్యాపు పెరిగిపోయిన ప్లగ్గు, లోపల తెగిన ప్లగ్గు వైరు ఉంటే కాయిల్ ప్రతిసారీ తన శక్తికి మించి వోల్టేజి లేపాల్సి వస్తుంది. ఆ ఇంజనుకి ప్లగ్గు గ్యాపు 0.6 మిల్లీమీటర్ల ప్రాంతంలో, పాయింట్ల గ్యాపు 0.38 దగ్గర ఉంచు. ఫీలర్ గేజి పెట్టి చూడు, కంటితో కొలవద్దు. మూడోది ఛార్జింగ్. ఇంజను కొంచెం రేస్ చేసి బ్యాటరీ దగ్గర వోల్టేజి చూడు. పద్నాలుగు, పద్నాలుగున్నర దాటి పోతుంటే రెగ్యులేటర్ చెడింది, అది కాయిల్‌నీ బల్బులనీ బ్యాటరీనీ కలిపి మాడ్చేస్తుంది.

నాలుగోదే అన్నింటికంటే ఎక్కువగా జరిగేది: తప్పు కాయిల్. కాయిళ్లలో రెండు జాతులున్నాయి. మూడు ఓములది నేరుగా పన్నెండు వోల్టుల మీద నడుస్తుంది. ఒకటిన్నర ఓములది బయట బల్లాస్ట్ రెసిస్టర్‌తో కలిపి నడవాలి. ఈ రెండో రకాన్ని రెసిస్టర్ లేని బండికి పెడితే కరెంటు రెట్టింపు పారుతుంది. మొదట్లో రవ్వ బ్రహ్మాండంగా ఉంటుంది, ఓనరు సంతోషిస్తాడు, ఆ తర్వాత పాయింట్లు కాలతాయి, కాయిల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కి చస్తుంది. తిరగేసి, రెసిస్టర్ ఉన్న బండికి మూడు ఓములది పెడితే రవ్వ నీరసపడుతుంది. "స్పోర్ట్స్ కాయిల్ వెయ్యండి, పికప్ పెరుగుతుంది" అని ఎవరైనా అంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యి. నీ షెడ్డువాళ్లు వేసిన కాయిల్ ఏ జాతిదో ముందు మీటరు పెట్టి చూడు. నాకు దానిమీద కూడా అనుమానం ఉంది. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ అందుకుని, తాళం వదలగానే ఆగిపోయే బండ్లలో మాత్రం ముందు ఆ బల్లాస్ట్ రెసిస్టరే చూడాలి. స్టార్టింగ్‌లో దాన్ని దాటి నేరుగా కరెంటు వెళ్తుంది కాబట్టి అప్పుడు మాత్రమే పలుకుతుంది.

కొనేటప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో పాత దుకాణాల్లో అడుగు. మీటరు జేబులో పెట్టుకుని వెళ్లు, కౌంటరు మీదే కొలువు. నిజాయితీగల దుకాణదారు ఏమీ అనుకోడు. లూకాస్ టీవీఎస్, బాష్ పెట్టెలు బాగా అమ్ముడుపోతాయి కనుక వాటికి నకిలీలూ ఉంటాయి. ప్రింటు చెదిరి ఉన్నా, డబ్బా మరీ తేలికగా ఉన్నా, బిల్లు ఇవ్వనన్నా తీసుకోకు.

బిగించేటప్పుడు బ్యాటరీ ఎర్త్ వైరు ముందు తీసెయ్యి. పాత కాయిల్ వైర్లు విప్పకముందే ఫోనులో ఫొటో తీసుకో. మన బండ్లలో చాలావాటికి నెగటివ్ ఎర్త్ కాబట్టి స్విచ్చి నుంచి వచ్చేది ప్లస్‌కి, డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లేది మైనస్‌కి. పాత ఇంగ్లీషు బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉండేది, అందుకని బ్యాటరీ ఏ కొస బాడీకి కలిసిందో ఒకసారి చూసుకో. తిరగేసి కలిపినా ఇంజను నడుస్తుంది, అక్కడే మోసపోతాం. వేడెక్కిన ప్లగ్గు మధ్య మొన నుంచి రవ్వ సులువుగా దూకుతుంది, కరెంటు తిరగబడితే చల్లటి వైపు నుంచి దూకాలి, దానికి ఎక్కువ వోల్టేజి కావాలి. కాయిల్‌ని దాని క్లాంపులో గట్టిగా బిగించు, అదిరితే లోపలి తీగలు తెగుతాయి. మధ్య వైరు టవర్లో అడుగుదాకా దిగిందో లేదో చూడు. సగం దిగిన వైరు అక్కడే రవ్వలాడి బొగ్గు చార వేస్తుంది, ఆ చార పడ్డాక వానాకాలంలో ప్రతి తడికీ బండి ఏడుస్తుంది. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటిగా తీసి ఒక్కొక్కటిగా పెట్టు. ఎక్కడైనా తారుమారైతే ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 అని గుర్తుంచుకో.

అయ్యాక ఊళ్లో ఒక చుట్టు తిరిగి సంతోషపడకు. ఎండవేళ, నలుగుర్నీ ఎక్కించుకుని, గంటకి తక్కువ కాకుండా నడుపు. ఆగి కాయిల్‌ని వేళ్లతో తాకి చూడు. వెచ్చగా ఉండటం మామూలే, వేలు ఆనించలేనంత కాలుతుంటే జాతి తప్పు, లేదా ఛార్జింగ్ తప్పు, మళ్లీ వెనక్కి వెళ్లు.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. కొన్నాళ్లకి ఈ సామాను ఎరిగిన చేతులు తగ్గిపోతాయి, నీ చేతులే నేర్చుకోవాలి. అమ్మెయ్యమని చెప్పేవాళ్లు నీకు చాలామంది దొరుకుతారు. బావగారు ఆ బండిని ఎలా చూసుకున్నారో నేను ఎరుగుదును, నువ్వు నిలబెట్టుకోవాలనుకోవడం నాకు సంతోషం. డిక్కీలో ఒక మంచి కాయిల్, ఒక కండెన్సర్, ఒక సెట్టు పాయింట్లు, రోటర్, టెస్ట్ ల్యాంపు ఉంచుకో. చెడిందని తేలిన పాత కాయిల్‌ని మాత్రం స్పేర్ అంటూ అందులో పడెయ్యకు, అవసరానికి చీకట్లో చేతికి అదే దొరుకుతుంది. ఈ ఆదివారం పొద్దున చల్లగా ఉండగా ఒకసారి, గంటసేపు తిప్పాక వేడిమీద ఒకసారి ఆ ఓములు కొలిచి, రెండు అంకెలూ కాగితం మీద రాసి నాకు పంపు. అవి చూశాక ఏం కొనాలో చెబుతాను. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు.